పన్నెండు మెట్ల కిన్నెర

ఎండిన సొరకాయ బుర్రలు, ఒక వెదురు బొంగు, బిగించిన తీగలు, బొంగు మీద మైనంతో నిలబెట్టిన పన్నెండు మెట్లు. కిన్నెర అంటే ఇంతే. కానీ మెట్టు వెంట్రుకవాసి జరిగినా పాట చెడుతుంది. ఆ కొలత ఏ పుస్తకంలోనూ లేదు. డక్కలి కులపు కళాకారుల చేతుల్లో, చెవుల్లో తరాలుగా ఉంది.

ఆ తరాల వారసుడు దర్శనం మొగులయ్య. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట ఆయన ఊరు. పెద్దల సొమ్ము దోచి పేదలకు పంచిన పండుగ సాయన్న కథను ఆయన పాడుతుంటే గొంతు, తీగ ఒకదాన్నొకటి తరుముతాయి. గొంతు ఆగినచోట కిన్నెర కథ అందుకుంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ అందుకోవడమే. తన ప్రాంతపు పాలమూరు యాసను ఆయన ఎక్కడా నున్నగా చెయ్యలేదు, అదెంత మేలో!

2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట ఆరంభంలో ఆ గొంతు రాష్ట్రమంతా మోగింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే పాత పాలమూరు నేల నుంచి బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకూ పద్మశ్రీ దక్కింది. ఎంతో ఆనందించాను. అయితే శాలువా కప్పితే కళ బతకదు. మెట్లు నిలబెట్టడం, తీగ సవరించడం, రాత్రంతా కథ నడపడం నేర్చుకునే పిల్లలకు నెలనెలా భృతి కావాలి, నేర్పే గురువుకు జీతం కావాలి. సంగీత కళాశాలల్లో వీణ పక్కనే కిన్నెరకూ ఒక తరగతి గది ఇవ్వాలి.