పడగ అంచు

సాయంత్రం అలిపిరి నుంచి చూస్తే శేషాచలం రాతిగోడలు ఎర్రబడతాయి. ఆ ఎరుపు కోసం ఎన్నేళ్లు నీటిరంగులు కలిపానో! దూరపు కొండ లేత నీలం, దగ్గరిది ముదురు, నడుమ మంచుపొర. నేర్చుకున్న పద్ధతిలో బొమ్మ కుదిరేది. కుదిరినా ఏదో వెలితి.

అదేమిటో శ్రీకాళహస్తిలో తెలిసింది. కలంకారీ వేసే పెద్దాయనొకరు నా కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి, "కొండ బాగానే ఉండాది సామీ, ఆదిశేషుడేడీ?" అన్నారు.

తిరుమల పడగ, అహోబిలం నడుము, శ్రీశైలం తోక. ఈ కొండల వరుసను మనవాళ్లు ఒకే ఒళ్లుగా చూశారు. నేనేమో కథలో ఉన్న కొండను వెనక్కి నెట్టి, నీలంలో మసకబరిచాను.

ఆయన గోవర్ధనగిరి గీస్తుంటే పక్కన కూర్చున్నాను. కరక్కాయ, పాలు పట్టించి ఆరేసిన నూలుగుడ్డ. దాని మీద చింతబొగ్గుతో లేత గుర్తులు. వెదురు కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కితే కసిమి కిందికి దిగుతుంది. ఇనుపతుక్కు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి మాగబెట్టిన ద్రవం అది. కలంలో మాసిన నీళ్లలా ఉంటుంది. గుడ్డలోని కరక్కాయ తగిలాకే నల్లబడుతుంది. చెరపడానికి వీల్లేదు. కొండ చుట్టూ ఒక్క గీత, లోపల పొలుసుల్లా రాళ్లు, రాళ్ల సందుల్లో చెట్లు, ఒక లేడి. దూరానిదీ దగ్గరిదీ ఒకే నలుపు. అయినా కృష్ణుడి చిటికెనవేలి మీద ఆ కొండకు బరువుంది.

ఈ చేతిపని దాదాపు కనుమరుగైన దశలో, 1950ల చివర కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చింది. అలా నిలిచిన పనికే 2008లో జొన్నలగడ్డ గురప్పశెట్టిగారు పద్మశ్రీ అందుకున్నారు. లేపాక్షి గుడి పైకప్పు మీద 16వ శతాబ్దపు కిరాతార్జునీయం ఉండనే ఉంది. కొండను గీయాలనుకునే మన కుర్రవాళ్లు పారిస్ పుస్తకాలు తిరగేయడం తప్పని నేననను. నేనూ తిరగేశాను. కానీ తిరుపతికి నలభై కిలోమీటర్ల లోపున్న శ్రీకాళహస్తి గురువుల దగ్గరికి అంత ఆలస్యంగా వెళ్లానే అన్న బాధ మాత్రం నాకు పోలేదు.

ఇప్పుడు అలిపిరిలో ముందుగా ఎరుపు కలపను. గుడ్డ పరిచి వెదురు కలం అందుకుంటాను. మొన్న పైఅంచు గీత లాగి, కసిమి నల్లబడటం చూస్తూ కూర్చున్నాను. పూలబుట్టతో వెళ్తున్న ఒకామె ఆగి, "పడగ గీస్తా ఉండావా నాయనా?" అంది.

అప్పటికింకా చెట్టు వేయలేదు, రాయి వేయలేదు.