పెచ్చు వెనక్కి తిప్పి చూడాలి

విశాఖపట్నంలో షట్టర్లను చూడాలంటే దుకాణాలు మూసి ఉన్న వేళ కురుపాం మార్కెట్ వీధుల్లోకి వెళ్లాలి. మిగతా సమయంలో అవి గుమ్మాల పైన చుట్టుకుని ఉంటాయి కాబట్టి వాటి ముఖం ఎవరికీ కనబడదు. మూసినప్పుడు మాత్రం నీలం, ఆకుపచ్చ, ఎరుపు రేకులు వరసగా దిగి ఉంటాయి. చాలావాటి మీద రంగు పెచ్చులు లేచి, కొనగోటితో లాగితే ఊడొచ్చేలా ఉంటుంది. బీచ్ రోడ్డు పక్క ఇళ్లలో కార్ల షెడ్డు తలుపులకూ ఇదే అవస్థ.

యజమానిని అడిగితే రంగు నాసిరకం అంటాడు. పెయింటర్‌ను అడిగితే సముద్రపు గాలి అంటాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. అసలు సంగతి తెలియాలంటే ఊడిన పెచ్చును వెనక్కి తిప్పి చూడాలి.

వెనక గోధుమ రంగు పొడి అంటుకుని ఉంటే, రంగు కింద తుప్పు పాకిందని అర్థం. ఇనుము తుప్పుగా మారేటప్పుడు కొన్ని రెట్లు ఉబ్బుతుంది. ఆ ఉబ్బే పైనున్న రంగును నెట్టేస్తుంది. అలాకాక ఆకుపచ్చ పెచ్చు ఊడినచోట పాత నీలం నిగనిగలాడుతూ కనిపిస్తే, పాత కోటు మీద కొత్తది అతకలేదన్నమాట. నున్నటి ఎనామిల్‌ను గరుకు చేయకుండా, దుమ్మూ జిడ్డూ తుడవకుండా మీద మరో కోటు లాగేస్తే జరిగేది అదే. మూడో రకం చూడటానికి వింతగా ఉంటుంది. పెచ్చు వెనక శుభ్రంగా ఉంటుంది, కింద రేకు బూడిదరంగులో మెరుస్తుంటుంది. తుప్పు ఉండదు, దుమ్ము ఉండదు. అరచేయంత ముక్క ఒక్కసారిగా చేతిలోకి వస్తుంది. రంగు కంపెనీని జనం ఎక్కువగా తిట్టుకునేది ఇలాంటప్పుడే, కంపెనీ తప్పు లేనిదీ ఇలాంటప్పుడే.

ఆ రేకుకు జింక్ పూత ఉంది. సుమారు 450 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగిన జింక్‌లో ఇనుమును ముంచి తీసే ఈ పద్ధతికి ఫ్రాన్స్‌లో స్టానిస్లాస్ సోరెల్ 1837లో పేటెంట్ తీసుకున్నాడు. బకెట్లకూ, పైకప్పు రేకులకూ జీఐ అని మనవాళ్లు పిలిచేది దీన్నే. ఎక్కడైనా గీత పడి ఇనుము బయటపడినా, పక్కనున్న జింక్ ముందు తాను తరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. చిక్కల్లా దాని మీద వేసే రంగుతోనే. మార్కెట్లో ఎనామిల్ పేరుతో దొరికేది సాధారణంగా ఆల్కిడ్ రంగు. సోయా, అవిసె లాంటి నూనెల్లోని కొవ్వు ఆమ్లాలు అందులో ఉంటాయి. తేమ తగిలిన జింక్ మీద క్షారగుణమున్న పదార్థాలు పుడతాయి. కొవ్వు ఆమ్లం, క్షారం కలిస్తే ఎక్కడైనా వచ్చేది సబ్బే. ఇక్కడ పుట్టేది జింక్ సబ్బు. కొన్ని నెలలకో, ఒకటి రెండేళ్లకో ఈ పొర రంగుకూ రేకుకూ మధ్య పరుచుకుంటుంది, రంగు పట్టు వదిలేస్తుంది. ఎంత ఖరీదైన ఎనామిల్‌కైనా ఇదే గతి. కాబట్టి జీఐ మీద ముందు ఎచ్ ప్రైమర్ గానీ, జీఐకి పనికొస్తుందని డబ్బా మీదే రాసి ఉన్న ఎపాక్సీ ప్రైమర్ గానీ పడాలి. నేరుగా వేసుకోదగిన యాక్రిలిక్ రంగులూ ఉన్నాయి.

అన్ని షట్టర్లూ జీఐవి కావు. కేంద్ర ప్రజాపనుల శాఖ ధరల పట్టికలో రోలింగ్ షట్టర్‌కు కనిపించే పట్టీలు 80 మిల్లీమీటర్ల వెడల్పు, 1.25 మిల్లీమీటర్ల మందం ఉన్న మామూలు మైల్డ్ స్టీలువి. వాటి మీద ఎనామిల్ చక్కగా నిలుస్తుంది. తన షట్టర్ ఏ రకమో యజమానికి తెలియకపోవడం మామూలే. అయస్కాంతం రెండింటికీ అతుక్కుంటుంది కనుక దానితో తేలదు. ఓ మూల కాస్త గీకి చూడాలి, లేదా చేయించిన ఫ్యాబ్రికేటర్‌ను అడగాలి. ఈ చిన్న విచారణ చేయకుండా రంగుల కొట్టుకు వెళ్లడం దండగ.

తెలుగు ఊళ్లలో షట్టర్లకు ఇంకో ఇబ్బంది ఉంది. వాటికి రంగు వేయించేది తరచూ దుకాణదారు కాకుండా ఏ సిమెంట్ కంపెనీయో, ఏ సెల్‌ఫోన్ కంపెనీయో అయి ఉంటుంది. ప్రచారానికి వచ్చినవాళ్లు సాయంత్రంలోపు వీధి మొత్తం ముగించాలి. వాళ్లకు గీకే తీరిక ఎక్కడిది? నిరుటి బొమ్మ మీదే ఈ ఏటి బొమ్మ వేసేస్తారు. దుకాణదారుకు ఖర్చు లేదు కాబట్టి అడగడు. అలా పొర మీద పొర పేరుకుంటుంది. పగటి ఎండకు రేకు సాగి రాత్రికి ముడుచుకుంటుంటే, పాతబడి బిరుసెక్కిన ఆ మందపాటి రంగు దానితో పాటు సాగలేక పగులుతుంది. పైగా షట్టర్ చుట్టుకునేటప్పుడు పట్టీలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. రంగు మందం పెరిగేకొద్దీ ఆ రాపిడీ పెరుగుతుంది.

ఈ పొరల సమస్య ఈఫిల్ టవర్‌ను కూడా వదల్లేదు. 1889లో పూర్తయిన ఆ టవర్‌కు దాదాపు ఏడేళ్లకోసారి, విడతకు 60 టన్నుల చొప్పున రంగు వేస్తూ వచ్చారు. 2019లో మొదలైన 20వ విడతలో కొన్ని భాగాల్లో పాత పొరలను ఇనుము కనబడేదాకా తీయాలని నిర్ణయించారు. తీయబోతే వాటిలోని సీసం పరిసరాల్లో మోతాదు మించి కనబడి, 2021లో పని ఆపాల్సి వచ్చింది.

సీసం మాట వచ్చింది కాబట్టి ఇక్కడ ఆగి చెప్పుకోవాలి. ఇళ్లకూ అలంకరణకూ వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదని మన దేశంలో 2016లో నిబంధనలు వచ్చాయి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు వేసిన పసుపు, నారింజ, ఆకుపచ్చ ఎనామిళ్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఆ వన్నెలకు లెడ్ క్రోమేట్ వాడేవారు. అలాంటి షట్టర్‌ను పొడిగా గ్రైండర్‌తో రుద్దితే లేచే ధూళి మొదట వెళ్లేది పెయింటర్ ఊపిరితిత్తుల్లోకి, తర్వాత ఆ గుమ్మంలో ఆడుకునే పిల్లల చేతుల మీదికి. రంగు మీద నీళ్లు చల్లుతూ తడి ఎమరీ పేపరుతో రుద్దాలి. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, రాలిన పెచ్చులన్నీ మూటగట్టాలి. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు ఈ ధూళిని ఆపలేదు. సరైన మాస్కు కావాలి. దాని ఖర్చు పని చేయించుకునేవాళ్లే భరించాలని ఈ కాలమ్ గట్టిగా నమ్ముతుంది.

అసలు ఈ పనంతా దెబ్బతినేది బేరం దగ్గరే. చదరపు అడుగుకు ఇంత, ప్రైమర్ ఒకటి, ఎనామిల్ రెండు కోట్లు అని మాట్లాడుకుంటారు. గీకుడు మాట ఎవరూ ఎత్తరు. అది ఆ రేటులోనే కలిసిపోయిందని యజమాని అనుకుంటాడు. ఆ రేటుకు వైర్ బ్రష్‌తో నాలుగు సార్లు లాగడం తప్ప గిట్టదని పెయింటర్‌కు తెలుసు. షట్టర్ పనిలో ఎక్కువ సమయం తినేది గీకడం, కడగడం, ఆరబెట్టడమే. కూలి మాత్రం కంటికి కనిపించే కోట్లకే ముడుతుంది. ఇందులో పెయింటర్‌ది మోసం అనడం అన్యాయం. డబ్బివ్వని పని అతను చేయలేదు, అంతే.

అదే ఊళ్లో, కొన్ని కిలోమీటర్ల దూరంలో, రేకు శుభ్రతకు కొలతలు పెట్టుకుని పనిచేసే చోటు ఉంది. 1941లో సింధియా కంపెనీ మొదలుపెట్టిన నౌకా నిర్మాణ కేంద్రమే నేటి హిందుస్థాన్ షిప్‌యార్డ్. స్వతంత్ర భారతంలో మొదటగా కట్టిన నౌక ‘జల ఉష’ 1948 మార్చిలో అక్కడే నీళ్లలోకి దిగింది. నౌకల పనిలో ఉక్కు ఎంత శుభ్రపడిందో చూడటానికి స్వీడన్‌లో పుట్టి, తర్వాత అంతర్జాతీయంగా స్థిరపడిన ప్రమాణం ఉంది. చేతి పనిముట్లతోనో యంత్రాలతోనో బాగా చేస్తే ఎస్‌టీ 2, ఇంకా బాగా చేస్తే ఎస్‌టీ 3, ఇసుకలాంటి గరుకు రేణువులను ఒత్తిడితో కొట్టి శుభ్రం చేస్తే ఎస్‌ఏ శ్రేణి. ఫొటోల పక్కన ఉక్కును పెట్టి చూసి, ఆ మెట్టుకు చేరాకే ప్రైమర్ వేస్తారు. గాలిలో తేమ 85 శాతం దాటితే ఆపేస్తారు. గాలిలోని ఆవిరి నీరుగా మారే ఉష్ణోగ్రత కన్నా ఉక్కు కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉండాలన్నది అందరూ పాటించే లెక్క. షట్టర్‌కు ఇసుక కొట్టించమని ఎవరూ అనరు. ఎస్‌టీ 2 వరకు చేతితో చేరుకోవచ్చు, మంచు ఆరేదాకా ఆగవచ్చు. ఈ రెండూ ఏ వీధిలోనైనా సాధ్యమే.

పని వరసలో మొదటిది జిడ్డు. గైడు ఛానళ్లలో, పట్టీల సందుల్లో పోసిన గ్రీజు, ఇంజిన్ ఆయిల్ రేకంతా పాకి ఉంటుంది. గీకడానికి ముందే దాన్ని థిన్నర్ గుడ్డతో తీసేయాలి. లేకపోతే ఎమరీ పేపరు ఆ జిడ్డును గీతల్లోకి రుద్దేస్తుంది. కిరోసిన్ వాడకూడదు, అదే ఇంకో జిడ్డు పొర వదులుతుంది. తర్వాత సబ్బునీళ్లు, ఆ పైన మంచినీళ్లు. సముద్రం దగ్గర ఈ కడుగుడు చాలా ముఖ్యం. రంగు కింద మిగిలిపోయిన ఉప్పు బయటి తేమను పొరలోంచి లాక్కుంటుంది. ముందు బొబ్బలు, తర్వాత పెచ్చులు. ఒడ్డున ఉన్న ఇళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి, కడగడానికి కొళాయి నీళ్లు పట్టుకోవాలి.

ఇక గీకుడు. లేచిన పెచ్చులు బ్లేడుతో తీయాలి, తుప్పు వైర్ బ్రష్‌తో రాలగొట్టాలి. గట్టిగా పట్టుకున్న పాత రంగును తీయాల్సిన అవసరం లేదు. దాని అంచును మాత్రం వేలితో తడిమితే మెట్టు తగలనంత పలచగా రుద్దాలి. గట్టిగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? బ్లేడుతో ఇంటూ గుర్తు గీసి, దాని మీద టేపు అంటించి, గట్టిగా నొక్కి ఒక్క లాగుతో పీకాలి. ప్రయోగశాలల్లో చేసే అతుకు పరీక్షకు ఇది ఇంటి రూపం. టేపుతో పాటు రంగు వస్తే అక్కడా గీకాల్సిందే.

ఎంత గీకినా పట్టీల మడతల్లో కొంచెం తుప్పు మిగులుతుంది. దానికి రస్ట్ కన్వర్టర్ పేరుతో ద్రావణాలు దొరుకుతాయి. వాటిలో కొన్ని టానిన్లతో చేసినవి. ఎర్రటి తుప్పు మీద వేస్తే అది నల్లగా మారి గట్టిపడుతుంది. ఈ రసాయనం తెలుగువాళ్లకు కొత్తది కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీత పుట్టేది ఇలాగే: కరక్కాయ రసం పట్టించిన గుడ్డ మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరిన నీళ్లతో కలం నడుస్తుంది, కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలిసి నలుపవుతుంది. అయితే ఈ ద్రావణం పొరలు పొరలుగా లేచే తుప్పును బాగుచేయలేదు, జీఐ మీద దానికి పనే లేదు.

శుభ్రమైన ఇనుము తీర గాలిలో రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది కాబట్టి గీకిన పూటే ప్రైమర్ పడాలి. రెడ్ ఆక్సైడ్ అందరికీ తెలిసినదే, చవక. దాని ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌దే. తేమను అడ్డుకోవడమే దాని ప్రధానమైన పని. తుప్పును నిలువరించే గుణం కోసం దానిలో జింక్ క్రోమేట్ కలిపేవారు. అందులోని క్రోమియం క్యాన్సర్ కారకమని తేలింది కనుక జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ అడిగి తీసుకోవడం మేలు. ఆ పైన పలచటి కోట్లు రెండు. ఒక్క మందపాటి కోటు వాటికి సాటి రాదు.

అన్నిటికన్నా కష్టం షట్టర్‌ను దించి ఉంచడం. రాత్రి తొమ్మిదికి కొట్టు కట్టేశాక రంగు మొదలుపెడితే తెల్లవారుజామున మంచు పడుతుంది. పొద్దున మళ్లీ షట్టర్ ఎత్తగానే ఆరని పట్టీలు ఒకదానికొకటి అంటుకుని, విడిపోయేటప్పుడు రంగును పీక్కుంటాయి. వేసిన వారానికే పెచ్చులు లేచాయంటే చాలాసార్లు కారణం ఇదే. కనీసం ఒక పగలూ ఒక రాత్రీ అయినా షట్టర్ కిందికి ఉండాలి. ఒకరోజు వ్యాపారం పోతుందన్న భయం అర్థమవుతుంది. ఊరెళ్లే సంక్రాంతి సెలవుల్లో, పొద్దెక్కి రేకు ఆరాక చేయించుకుంటే ఆ చిక్కు తీరుతుంది.

డాలస్ శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇదే పని ఇంకో రూపంలో ఎదురవుతుంది. అక్కడి గరాజ్ తలుపులు చాలావరకు జింక్ పూత ఉక్కువి, ఫ్యాక్టరీలోనే రంగు కాల్చి వేసినవి. టెక్సస్ ఎండకు ఆ రంగు చేతికి సుద్దలా అంటుకుంటుంది. కాలనీ సంఘం నుంచి బాగుచేయించుకోమని ఉత్తరం వస్తే హడావుడిగా ఆ సుద్ద మీదే రంగు వేసేస్తుంటారు, అది నిలవదు. సుద్ద మొత్తం కడిగి, యాక్రిలిక్ వేయాలి. లోపల ఫోమ్ నింపిన తలుపుకైతే ముదురు రంగు వేసేముందు తయారీదారు సూచనలు చూడాలి, ఎండ వేడికి అది వంకర పోవచ్చు.

ఏ షట్టర్‌కైనా ముందుగా పోయేది అడుగు పట్టీ. ప్రతి పొద్దునా వాకిలి కడిగి చల్లే నీళ్లు దాని మీదే చిందుతాయి, వానకు చేరిన తేమ దాని కిందే నిలుస్తుంది. అందుకని దాని లోపలి వైపు, కింది అంచు, గైడులోకి దూరే కొసలు, కంటికి కనబడకపోయినా ప్రైమర్ పడాలి. బేరమాడేటప్పుడు గీకుడుకు విడిగా ఒక రేటు, అడుగు పట్టీ రెండు వైపులకూ విడిగా ఒక రేటు రాసుకోవాలి. గీకాక, ప్రైమర్ పడకముందు యజమాని వచ్చి రేకు చూస్తాడని ముందే చెప్పుకోవాలి. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే అడుగు పట్టీకి బెజ్జం పడిందంటే ఇక పెయింటర్ చేయగలిగిందేమీ లేదు. వెల్డర్‌ను పిలిపించి ఆ పట్టీ మార్పించాలి, వెల్డింగ్ చిట్టెం గీకించాలి, ఆ తర్వాతే రంగు డబ్బా మూత తీయాలి.