పసుపు రాయికి పరాయి పేరెందుకు?

గురుడు కన్యారాశిలో అడుగుపెడితే కృష్ణకు పుష్కరాలు. 2016 ఆగస్టులో బెజవాడ ఘాట్లన్నీ ఆయన పేరు చెప్పే కిటకిటలాడాయి. ఆయనకు ప్రీతికరమైన కనక పుష్యరాగం కొనే స్తోమత మాత్రం అందరికీ ఉండదు. ఆ లోటు తీర్చేది సిట్రిన్, అంటే పసుపు రంగు క్వార్ట్జ్. జ్యోతిష్కులు దాన్ని ఉపరత్నమంటారు. ఉపరత్నమైతే చులకనా? నా లెక్కలో కాదు.

పుట్టుక సంగతి చెప్పాలంటే, కృష్ణ ఇసుకలో మెరిసే రేణువులదీ దీనిదీ ఒకే జాతి. రవ్వంత ఇనుము చేరితే పసుపు. సహజంగా దొరికేది అరుదు. బజారులో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం ఊదారంగు అమెథిస్టును కాల్చి రంగు మార్చిందే. చెప్పి అమ్మితే తప్పేమీ లేదు.

అసలు గొప్పంతా సానపట్టేవాడిది. ముడిరాయిలో రంగు సమంగా పరుచుకుని ఉండదు, ఒక్కోసారి ఏదో మూల చారలా ఉంటుంది. చెయ్యి తిరిగిన పనివాడు ఆ చార అడుగు మొనకు వచ్చేలా రాయిని తిప్పి పడతాడు. పైనుంచి చూస్తే రాయంతా తేనె నిండినట్టే! అడుగు పలకల వాలు 41 డిగ్రీలకన్నా బాగా తగ్గితే వెలుగు కిందికి జారిపోయి నడుమ వెలవెలబోతుంది. పేపరు మీద పెట్టి చూడండి. రాయిలోంచి అక్షరాలు చదవగలిగితే ఆ సాన బరువు మిగుల్చుకోవడానికి పట్టింది. 17వ శతాబ్దంలో మన కొల్లూరు గని చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, దక్కను పనివాళ్ళు వజ్రంలోని మచ్చను పలకల మాటున దాచేవారని రాశాడు. దాచడంలోనూ ఎంత నేర్పు! ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ పాలైంది.

ఇక బందరు చిలకలపూడి వాళ్ళను చూడండి. రోల్డుగోల్డు నగ చేస్తారు, రోల్డుగోల్డనే అమ్ముతారు. దాంట్లో పరువుంది. సిట్రిన్‌కు పుష్యరాగం ధర కట్టేవాడికీ, గాజుముక్కను సిట్రిన్ అని అంటగట్టేవాడికీ ఆ పరువేది? పట్టుకోవడం బ్రహ్మవిద్య కాదు. కనక పుష్యరాగం సాంద్రత 4, సిట్రిన్‌ది 2.65. ఒకే పరిమాణంలో మొదటిది ఒకటిన్నర రెట్లు బరువు తూగుతుంది. భూతద్దంలో గుండ్రటి గాలిబుడగలు కనిపిస్తే అది గాజేనని అనుమానించాలి. ఇంత తేలిక పరీక్ష కూడా చేయకుండా వేలకు వేలు పోసే మనల్ని అనాలి ముందు!

కొన్నాక రాయిని పొడిబట్టతో రుద్దకండి. దీని కాఠిన్యం 7, దుమ్ములోని క్వార్ట్జ్ రేణువులదీ అంతే. తన జాతివాడే గీత పెడతాడు. గోరువెచ్చని కుంకుడు నీళ్ళు, మెత్తని బ్రష్ చాలు. పసుపు, చందనం రాయి అడుగున గట్టిపడితే మెరుపు చస్తుంది. లక్క మీద కూర్చోబెట్టిన పాత నగను మాత్రం నానబెట్టకూడదు. రవ్వల ఉంగరంతో ఒకే భరిణెలో పడేయొద్దు. రోహిణి కార్తె ఎండలో కారు అద్దం దగ్గర అసలే వద్దు.

ఉంగరం వదులైతే రాయి తీశాకే టంకం వేయమనండి. తీయకుండా మంట చూపిస్తే చిట్లిపోవచ్చు, రంగూ మారిపోవచ్చు. ఓపికగల కంసాలి రాయి ఊడదీసి, అతికి, మళ్ళీ పొదుగుతాడు. నేనెప్పుడూ ఆయన పక్షమే. షోరూములో నోరెత్తకుండా తరుగు చెల్లించే మనం ఆయన కూలి దగ్గర బేరమాడొద్దు. బెజవాడ వన్‌టౌన్ వర్తకులకూ ఒక మనవి: బిల్లు మీద 'సిట్రిన్, కాల్చినది' అని రాసివ్వండి.