అరుదుగా రాసేవాళ్లనే ఫాలో అవుదాం

రోజూ రాసేవాళ్లను ఫాలో కానక్కర్లేదు, వాళ్లు ఎలాగూ కంటబడతారు. మూడు నెలలకో కథ రాసి మళ్లీ కనిపించకుండా పోయేవాళ్లను వెతికి మరీ ఫాలో కావాలి. ఆన్‌లైన్‌లో తెలుగు చదవడం అలవాటయ్యాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఇది. నా స్నేహితుల్లో చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. ఎక్కువగా కనిపించే పేరుకే ఫాలో బటన్ నొక్కుతారు. తెలిసిన పేరు, నలుగురూ మెచ్చుకుంటున్న పేరు.

గూగుల్ రీడర్ ఉన్న రోజుల్లో ఈ చింత లేదు. మనం ఎంచుకున్నవాళ్లు ఏడాదికి ఒక్కటి రాసినా అది వచ్చి మన కోసం కూర్చునేది. 2013 జూలై 1న అది మూతపడింది. 2016లో ట్విట్టర్ కూడా రాసిన వరసలో కాకుండా, మనకు నచ్చుతుందని తను లెక్కగట్టినదాన్ని ముందు చూపించడం మొదలుపెట్టింది. ఫేస్‌బుక్ అప్పటికే ఆ దారిలో ఉంది. ఈ లెక్కల్లో తరచూ రాసేవాళ్లకు, వెంటనే లైకులు పడేవాళ్లకు బలం ఎక్కువ. నెమ్మదిగా, నాలుగుసార్లు దిద్దుకుని రాసేవాళ్లు అడుక్కి జారిపోతారు. వాళ్లను పైకి తెచ్చుకోవడానికి మన చేతిలో మిగిలినవి ఆ ఫాలో బటన్, అప్పుడప్పుడూ పేరు వెతుక్కుని వాళ్ల పేజీకి వెళ్లే ఓపిక.

కానీ ఆ బటన్‌ను మనం పెళ్లిలో చదివింపుల లెక్కలా వాడుతున్నాం. వాళ్లు మనకు ఇచ్చారు కాబట్టి మనం వాళ్లకు ఇవ్వాలి. ‘నేను మిమ్మల్ని ఫాలో అయ్యానండీ, మీరూ అవ్వండి’ అనే సందేశం అందుకోని రచయిత ఉన్నారా? ఇది తెలుగువాళ్ల మొహమాటం ఒక్కటే కాదు. 2021లో మీడియం అనే బ్లాగుల వేదిక తన రచయితలకు డబ్బు చెల్లించాలంటే కనీసం 100 మంది ఫాలోవర్లు ఉండాలని నిబంధన పెట్టింది. తర్వాత ఎత్తేసింది గానీ, అది అమల్లో ఉన్నన్నాళ్లూ ఒకరి రచన ఒకరు చదవకుండానే ఫాలోలు ఇచ్చిపుచ్చుకోవడం జోరుగా సాగింది. అలా పోగైన సంఖ్య వల్ల రాసేవాళ్లకే ఎక్కువ నష్టం. వేలమంది ఉన్నారనుకుంటారు. కథ పెడితే అందులో రెండో పేరా దాటినవాళ్లు ఎవరో వాళ్లకు ఎప్పటికీ తెలియదు.

నేను ఫాలో అయ్యే ముందు వాళ్ల పాత రచనల్లోకి వెళ్తాను. దొరికినంతలో అన్నిటికన్నా ముందుది ఒకటి, మధ్యలోది ఒకటి చదువుతాను. మనిషి కదిలాడా, అక్కడే ఉన్నాడా తెలిసిపోతుంది. పాఠకుడెవరైనా తప్పు చూపించిన చోట వాళ్లు ఏమని జవాబిచ్చారో చూస్తాను. అన్నిటికీ మించి, ఈ మనిషికి మాత్రమే తెలిసిన సంగతి ఏదైనా ఉందా అని వెతుకుతాను. ఒక లైన్‌మన్ రాసేవి నేను వదలకుండా చదువుతాను. కరెంటు ఆపించే ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకున్నాక కూడా ఎర్త్ చేసుకునేదాకా తీగ ముట్టుకోని జాగ్రత్త, తుఫాను మర్నాడు కరెంటు ఎప్పుడొస్తుందని ఊరంతా ఫోన్ చేస్తుంటే స్తంభం మీద ఉన్నవాడి మనసు. ఏడాదికి రెండో మూడో రాస్తారు. వర్ణనలు ఉండవు, అచ్చుతప్పులు ఉంటాయి. అయినా ఆ సంగతులు నాకు మరెవరూ చెప్పలేరు.

మానేయడం ఎప్పుడు? అభిప్రాయం కలవలేదని ఎవరినీ మానను. అవతలివాడి వాదాన్ని అవతలివాడు ఒప్పుకునేలా చెప్పి, ఆ తర్వాత కాదనే రచయిత దొరికితే నా అదృష్టం. శీర్షిక చూడగానే చివరి వాక్యం దాకా ఊహకు అందిపోతున్నప్పుడు మానేస్తాను. ఏ రోజు గొడవకు ఆ రోజు తీర్పు చెప్పేవాళ్లను మానేస్తాను, తీర్పు నాకు నచ్చినా సరే. తేల్చుకోలేకపోతే ఫేస్‌బుక్‌లో 30 రోజులు పక్కన పెట్టే ఏర్పాటు ఉంది. ఆ నెలలో ఒక్కసారైనా ‘ఆయన ఏం రాశారో’ అనిపించిందా అన్నదే ప్రశ్న. అక్కడ స్నేహం ఉంచుకుని రాతలు మాత్రం ఆపుకోవచ్చు, అవతలివాళ్లకు కబురూ వెళ్లదు. మేనమామ కొడుకు పద్యాల దగ్గర ఇది ఎంత ఉపయోగమో అనుభవించినవాళ్లకు తెలుసు.

ప్రతిలిపి లాంటి చోట్ల సీరియళ్ల సంగతి వేరు. పాఠకురాలికి కావలసింది ఆ కథలో తర్వాతి భాగం. వారపత్రికల్లో యద్దనపూడి సులోచనారాణి సీరియల్ నడుస్తున్నంతకాలం పత్రిక కొని, అయిపోయాక మానేసిన ఇళ్లు ఎన్నో. దాన్ని ఎవరూ అవమానం అనుకోలేదు. ఇప్పుడు మాత్రం ఫాలోవర్ల సంఖ్యలో ఒకటి తగ్గితే రచయితలు రాత్రంతా బాధపడుతున్నారు. ఆ బాధ నిజమైనదే. కానీ వెళ్లినవాళ్లు ఒక కథ పూర్తిగా చదివి వెళ్లారు. చదవకుండా ఉండిపోయినవాళ్ల కన్నా వాళ్లు మీకు దగ్గరివాళ్లు.

కొత్తగా రాస్తున్నవాళ్ల దగ్గర నా నియమాలన్నీ సడలిస్తాను. డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి కర్నూలు నుంచి రాస్తుంది. ఆమె మనుషులు మాట్లాడితే సీమ గాలి తగులుతుంది, కథ చెప్పేటప్పుడు మాత్రం పాఠ్యపుస్తకం భాషలోకి వెళ్లిపోతుంది. ఆ రెండూ ఎప్పుడు కలుస్తాయా అని చదువుతున్నాను. ఈమధ్య రాసిన కథలో బావి దగ్గర జగడం వచ్చే పేరాలో కలిశాయి. లైకు కొట్టి ఊరుకోలేదు. ఆ పేరా ఏదో, అందులో నన్ను ఆపిన వాక్యం ఏదో ఆమెకు రాసి పంపాను.