పాట కట్టిందెవరు?

తెలుగు విమర్శ దగ్గర ఒక మంచి మాట ఉంది. వాగ్గేయకారుడు. మాట తనే కట్టుకుని, వరస తనే కట్టుకుని, తనే నోరారా పాడేవాడు అని అర్థం. అన్నమయ్యను, క్షేత్రయ్యను, త్యాగయ్యను ఆ మాటతోనే పిలుస్తాం. మరి అదే పని మాలపేటలోనో మాదిగపేటలోనో ఒక కూలిమనిషి చేస్తే ఏమంటున్నాం? ‘జానపద కళాకారుడు’ అంటున్నాం. అతను కట్టిన పాటను ‘జానపదం’ అంటున్నాం. జానపదానికి కర్త ఉండడని మన పండితులు ముందే తేల్చేశారు గనక అతని పేరు అడగాల్సిన పని కూడా తప్పిపోతుంది. గద్దర్ అంతటివాణ్ణి కూడా ఉత్త వాగ్గేయకారుడు అనలేక ‘ప్రజా వాగ్గేయకారుడు’ అన్నారు. ముందు ఒక తోక తగిలిస్తే గాని ఆ మాట అతనికి ఒప్పలేదన్నమాట. ఈ వ్యాసంలో మేం అడుగుతున్నది ఒక్కటే ప్రశ్న: పేటలో రాత్రిపూట పాడే పాటను కట్టిందెవరు? ఆ పేరు మన విమర్శకు ఎందుకు అక్కర్లేకపోయింది?

రాయవరం వైపు నుంచి ఈ ప్రశ్న అడగడానికి కారణం ఉంది. రాయవరం గౌతమికి తూర్పు గట్టున, రామచంద్రపురం, మండపేట పక్కన ఉన్న వరిపొలాల నేల. అసలు కోనసీమ లంక గౌతమికి, వశిష్ఠకు నడుమ ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు రాయవరం మండలాన్ని కొత్త కోనసీమ జిల్లాలో కలిపారు. ఆ మే నెలలోనే జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదన వచ్చింది. మే 24న అమలాపురంలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఒక దళిత మంత్రి ఇంటికీ, ఒక బీసీ ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టారు. ఒక్క పేరు కోసం ఇంత మంట రేగిందంటే, పేరు అనేది చిన్న సంగతి కాదని ఆధిపత్య కులాలకు బాగా తెలుసు. తెలియనట్టు నటిస్తున్నది సాహిత్య విమర్శే.

ఈ నేల మీద పాటల రాత్రులు ఎలా ఉంటాయో దూరంవాళ్ల కోసం చెప్పాలి. ఏప్రిల్ 14 ముందురోజు రాత్రి, డిసెంబరు 6 వర్ధంతికి, విగ్రహం పెట్టిన రోజున, డిసెంబరు పొడుగునా సాగే సెమీ క్రిస్మస్ రాత్రుల్లో పేట జనం ఒకచోట చేరతారు. టిక్కెట్టు ఉండదు. రెండు బల్లలు కలిపితే స్టేజీ. ఒక ఢోలక్, ఒక కీబోర్డు, తాళాలు, వీలైతే డప్పు. పాడేవాడు పగలు ఊడ్పుల్లోనో, ఇటుకబట్టీలోనో, ఆటో మీదో ఉన్నవాడే. రాత్రి పదింటికి మైకు ఆపాలని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతాయి. పండగలకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే వీలు కూడా అందులోనే ఉంది, ఏడాదికి పదిహేను రోజులకు మించకుండా. ఆ సడలింపు ఎవరి పండక్కి తేలిగ్గా వస్తుందో, ఎవరి పండక్కి స్టేషను చుట్టూ తిరగాల్సి వస్తుందో ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. పదింటి తర్వాత మైకు కట్టేసి ఉత్త గొంతుతో పాడే పాట వేరే రకం పాట. దాన్ని గురించి మన పత్రికల్లో ఒక్క వ్యాసం కనపడదు.

ఈ పాట ఈమధ్య పుట్టిందేమీ కాదు. సహాయ నిరాకరణ రోజుల్లో గరిమెళ్ల సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనము’ గోదావరి జిల్లాల్లో మారుమోగింది. ఆ పాట పాడినందుకు ఆయన జైలుకు పోయాడు. అదే కాలంలో రాజమండ్రి దళితుడు కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనము’ అన్నాడు. తెల్లదొర పోయినంత మాత్రాన మాకేం ఒరుగుతుంది, మా నెత్తిమీద ఉన్నది నల్లదొర గదా అని నిలదీశాడు. గరిమెళ్ల పాట స్కూలు పుస్తకాలకెక్కింది. ధర్మన్న పాటను దళిత ఉద్యమం వచ్చి మళ్లీ వెలికి తీసేదాకా ఎవరికీ పట్టలేదు. ధర్మన్న అనామకుడేమీ కాదు. ‘జయభేరి’ పత్రిక నడిపినవాడు, శతకం రాసినవాడు. అచ్చులో పేరున్నవాడి గతే ఇట్లా ఉంటే, అచ్చు మొహం చూడని పాటగాడి గతి ఏమిటి?

ధర్మన్న చేసిన పనిలో ఇంకో సంగతి ఉంది. జనం నోట అప్పటికే ఆడుతున్న పాటనే తీసుకుని దాన్ని ఎదురు తిప్పాడు. ఈ పద్ధతినే ఈనాటి పేట పాటగాళ్లు వాడుతున్నారు. సినిమా వరసలో, క్రైస్తవ కీర్తన వరసలో, కోలాటం వరసలో కొత్త మాట పెడతారు. ‘అనుకరణ’ అని మన విమర్శకులు ముక్కు విరుస్తారు. కాని ఎందుకలా చేస్తారో చూడండి. వినేవాళ్లు చదువుకోని కూలిజనం. పాట ఒక్కసారే వింటారు. వరస ముందే నోటికి వచ్చి ఉంటే రెండో చరణానికల్లా గుంపు అందుకుంటుంది. పల్లవి జనానిది, చరణం పాటగాడిది. తెలిసిన వరసలో తెలియని మాట ఎక్కడ పడితే జనం ఉలిక్కిపడతారో అతను లెక్క చూసుకుంటాడు. అది శిల్పం కాదంటే మరి ఏది శిల్పం? సంగీత శాస్త్రంలో ఒకే రాగంలో వెయ్యి కీర్తనలు కట్టినా ఎవరూ అనుకరణ అనరు గదా!

మహారాష్ట్రలో ఇదే పని ‘అంబేద్కరీ జల్సా’ చేసింది. తమాషా వరసల్నే అంబేద్కర్ మాటకు వాహనం చేసుకుంది. వామన్‌దాదా కర్డక్ (1922-2004) బస్తీ బస్తీ తిరిగి పాటలు పాడాడు. చివరి చరణంలో ‘వామన్’ అని తన పేరు కలుపుకునేవాడు. సంత్ కవుల ముద్రను అంటరానివాడు తన సొంతం చేసుకోవడం అది. అందుకే అతని పాట ఎంత దూరం పోయినా పేరు జారిపోలేదు. మన పేట పాటల్లో ముద్ర పెట్టేవాళ్లు తక్కువ. ‘మనదేముంది, బాబాసాహెబ్ పాట గదా’ అనే వినయం ఒకటి అడ్డొస్తుంది. ఆ వినయాన్ని మేం గౌరవిస్తాం. కాని వినయం పాటగాడికి సొంతమైతే, మరుపు విమర్శకుడి తప్పు.

మన పేటల్లోనే ఒక ఎదురు ఉదాహరణ ఉంది. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం చూడండి. క్రైస్తవ ఇళ్లలో బైబిలు పక్కనే ఉంటుంది. అందులో కీర్తనతో పాటు రాగం, తాళం, కట్టినవారి పేరు అచ్చువేస్తారు. పురుషోత్తమ చౌదరి 1890లో పోయినా ఆయన పేరు ఇంకా పేటలో వినపడుతుంది. అంటే కర్త పేరు నిలుపుకునే అలవాటు పేటకు కొత్తేమీ కాదు. డిసెంబరులో ఆ పుస్తకం చేతపట్టి పాడించే మనిషే ఏప్రిల్‌లో జై భీమ్ పాట కడతాడు. మొదటి దానికి పేరుంది, రెండో దానికి లేదు. ఎందుకని? మొదటి దాని వెనక మిషను ఉంది, అచ్చుయంత్రం ఉంది. రెండో దాని వెనక నోటుపుస్తకం మాత్రమే ఉంది.

ఉద్యమాలు ఈ లోటు తీర్చాయా? కొంత తీర్చాయి, కొంత పెంచాయి. 1972లో పుట్టిన జన నాట్య మండలి పాటను ఊరూరా నడిపించింది. అందులో వ్యక్తి పేరు కంటే దళం పేరు ముందుకొచ్చింది. గూడ అంజయ్య కట్టిన ‘ఊరు మనదిరా’ ఎన్ని గొంతుల్లో పాడారో! పాడినవాళ్లలో అంజయ్య పేరు తెలిసినవాళ్లెందరు? కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత దళిత సాహిత్యం సొంత కాళ్లమీద నిలబడింది. 1995లో ‘చిక్కనవుతున్న పాట’, ఆ మరుసటేడు ‘పదునెక్కిన పాట’ వచ్చాయి. రెండూ గొప్ప సంకలనాలు. రెండింటి పేర్లలోనూ పాట ఉంది. లోపల ఎక్కువ భాగం వచన కవితలు! పాట అనే మాటలోని బలాన్ని తీసుకున్నాం, పాటగాణ్ణి గుమ్మం బయటే నిలబెట్టాం. కలేకూరి ప్రసాద్ లాగా కవితా, పాటా, విమర్శా మూడూ చేసినవాళ్ల విషయంలో కూడా విమర్శకులు కవితనే పట్టుకుని వేలాడారు. గోరటి వెంకన్న ‘వల్లంకి తాళం’కి 2021లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. సంతోషమే. కాని ఒక్కరికి తలుపు తీస్తే వీధిలో ఉన్నవాళ్లందరూ లోపలికి వచ్చినట్టు కాదు.

ఇక మనలో మనం మాట్లాడుకోవాల్సిన సంగతి. డప్పు మాదిగల వాద్యం. చావుకీ జాతరకీ వెట్టిగా కొట్టించుకున్న వాద్యం. ఇప్పుడు అంబేద్కర్ జయంతికి మాలపేటలో కూడా అదే డప్పు మోగుతుంది. మంచిదే. మైకులో పాడినవాడి పేరు చెబుతారు, దండ వేసినవాడి పేరు చెబుతారు, కూల్‌డ్రింకులు ఇప్పించినవాడి పేరు రెండుసార్లు చెబుతారు. డప్పు కొట్టినవాడి పేరు చెబుతారా? పాటకు నడక ఇచ్చింది ఆ దరువే. పేరు లేకుండా కూలి మాత్రం ఇచ్చి పంపితే ఊరు చేసిన పనే పేట కూడా చేసినట్టు. 1994లో దండోరా లేవనెత్తిన ప్రశ్నకు వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు జవాబిచ్చింది. కోర్టు రిజర్వేషన్ల లెక్క తేల్చగలదు. స్టేజీ మీద గౌరవం లెక్క మనమే తేల్చుకోవాలి.

ఆడవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. ఊడ్పుల్లో, కలుపుల్లో పాట ఎత్తేది ఆడమనిషి. మేస్త్రి మీద, కూలిరేటు మీద అప్పటికప్పుడు చరణం కట్టి విసురుతుంది. గట్టు మీదున్న రైతుకు అది వినోదం, వరుసలో వంగి ఉన్నవాళ్లకు అది ఎదిరింపు. సాయంత్రం స్టేజీ మీద ఆమె కోరస్‌లో ఉంటుంది. ఆమె పొలంలో కట్టిన చరణాన్నే మగ పాటగాడు మైకులో పాడితే అది అతని పాటవుతుంది. జానపదం పేరుతో ఊరు పేటకు చేసిన అన్యాయాన్నే పేటలో మగవాడు ఆడదానికి చేస్తున్నాడు.

ఇంతా చెప్పి, ఈ పాటలన్నీ గొప్పవని మేం అనం. విమర్శ అంటే వకాల్తా కాదు. జై భీమ్ పాటల్లో చాలా భాగం స్తోత్రాలే. కీర్తనలో దేవుడి పేరున్న చోట బాబాసాహెబ్ పేరు పెట్టి, మిగతా భక్తి అంతా అట్లాగే ఉంచేసినవి. రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి అని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించినవాడి మీదే ఇట్లాంటి పాటలు కట్టడం ఎంత విడ్డూరం! వరస తీసుకోవచ్చు, వంగి దండం పెట్టే వాలకం తీసుకోకూడదు. మంచి పాటలో ఊరు ఉంటుంది. శ్మశానానికి దారి లేని సంగతి, చెరువు గట్టు మీద కాలు పెట్టనివ్వని సంగతి, గల్ఫుకు పోయిన తల్లి ఫోనులో పలకరించే సంగతి ఉంటాయి. రామచంద్రపురం మండలం వెంకటాయపాలెంలో 1996 డిసెంబరు 29న దళిత యువకులకు శిరోముండనం జరిగింది. విశాఖ కోర్టు తీర్పు 2024 ఏప్రిల్ 16న వచ్చింది. ఇరవయ్యేడేళ్లు! కేసు కాగితాలు ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకు వాయిదాల మీద నడిచిన ఇన్నేళ్లూ ఒక ఊరి అవమానాన్ని చల్లారకుండా పట్టుకోగలిగేది పాటే. ఆ బరువు మోసే పాటనూ, మోయని పాటనూ విడదీసి చెప్పడమే విమర్శకుడి పని. పేర్లే లేకుండా కుప్పపోస్తే ఏది ఎవరి ఎదుగుదలో ఎట్లా తెలుస్తుంది? కర్త లేని చోట విమర్శ ఉండదు, మెచ్చుకోలు మాత్రమే ఉంటుంది.

పేరు తిండి విషయం కూడా. ఇవాళ పేట రాత్రి పాడిన పాట తెల్లారేసరికి సెల్‌ఫోన్లో, యూట్యూబులో తిరుగుతోంది. ఛానెలు వాడి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. కట్టినవాడి పేరు ఉండదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచన కర్తదే. రిజిస్టరు చేయించకపోయినా హక్కు పోదు. 2012 సవరణ వచ్చాక సినిమాకు పాట ఇచ్చినా సినిమా హాలు బయట దాన్ని వాడుకుంటే వచ్చే రాయల్టీలో కర్తకు సమాన వాటా ఉంది, దాన్ని రాసిచ్చేయడానికి కూడా వీల్లేదు. చట్టం ఇంత చెప్పినా, ‘జానపదం’ అని ఒక్క ముక్క రాస్తే చాలు, ఆ హక్కు గాలికి పోతుంది. పండితుడి అజ్ఞాత కర్తే వ్యాపారికి ఉచిత సరుకు.

అందుకని మేం కోరేవి పెద్ద కోరికలేమీ కావు. పాట మొదలుపెట్టే ముందు కట్టినవారి పేరు, వరస ఎక్కడిదో ఆ సంగతి, డప్పు కొట్టేవారి పేరు మైకులో చెప్పాలి. నోటుపుస్తకంలో పాట కింద తేదీ వేయాలి. ఆడవాళ్లు కట్టిన చరణం ఆడవాళ్ల పేరుమీదే రాయాలి. విశ్వవిద్యాలయాల్లో మా బోటి పరిశోధకులు ‘సేకరణ’ అని రాసే చోట ‘రచన’ అని రాయడం నేర్చుకోవాలి. సేకరించడానికి అదేం అడవిలో రాలిన పండు కాదు. పగలంతా ఒళ్లు వంచి, రాత్రి దీపం కింద కూర్చుని ఒక మనిషి కట్టింది. ఆ మనిషి ఇంకా బతికే ఉన్నాడు, రాయవరం బస్సెక్కితే దొరుకుతాడు. వెళ్లి పేరు అడగండి.