ఇంటి అరిసె, కొట్టు కాజా

సారె డబ్బా మూత తీసీ తీయగానే వియ్యాలవారింట్లో వినిపించే మొదటి మాట రుచి గురించి ఉండదు. "ఇంట్లో చేసినవేనా వదినగారూ?" అని అడుగుతారు. ఆ గొంతులో ఆప్యాయత ఉంటుంది, ఆరా కూడా ఉంటుంది. అవునంటే అప్పటికప్పుడు ఒకటి విరిచి చూస్తారు. కాదంటే డబ్బా తిప్పి కొట్టు పేరు చదువుతారు. సంక్రాంతికో, శ్రావణమాసానికో, సూడిదలకో అమ్మాయి అత్తవారింటికి వెళ్ళే పిండివంటలు ఇంట్లో చేయాలా, కొనాలా అన్న వాదన మన ఇళ్ళలో ఏటా నడిచేదే. ఇంటివే మేలని పెద్దవాళ్ళు, ఈ రోజుల్లో ఎవరు కూర్చుంటారని చిన్నవాళ్ళు. ఇద్దరూ ఏ వంటకమో చెప్పకుండానే వాదిస్తారు. చిక్కంతా అక్కడుంది. అరిసెకు చెప్పిన తీర్పు పూతరేకుకు చెల్లదు.

ముందు అరిసెనే తీసుకుందాం. దాని పని ముందురోజే మొదలవుతుంది. బియ్యం నానాలి, మధ్యలో నీళ్ళు మార్చాలి, వడకట్టి తడి ఆరకముందే పిండి పట్టించాలి. ఆ పిండిని గిన్నెలో అదిమి మూత పెట్టకపోతే తేమ పోయి పనికిరాకుండా పోతుంది. అసలు సంగతి పాకం దగ్గర తేలుతుంది. పళ్ళెంలో కాసిని నీళ్ళు పోసి పాకం చుక్క వేసి వేళ్ళతో దగ్గరికి లాగితే మెత్తటి ఉండ కట్టాలి. అంతకంటే ముందే దించారా, అరిసె నూనెలో విచ్చిపోతుంది. కాస్త ఏమరితే మర్నాటికి పళ్ళకు లొంగదు. పాకం దించాక ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో ఆగకుండా కలపాలి. వత్తేవారొకరు, వేయించేవారొకరు, వేగినదాన్ని చెక్కల మధ్య పెట్టి నూనె నొక్కేవారొకరు. ఉద్యోగం నుంచి రాత్రి ఏడింటికి ఇల్లు చేరే మనిషి ఒంటిచేత్తో చేయగలిగిన వంట కాదిది.

కొట్టులో ఇదే పాకాన్ని రోజూ అదే పని చేసే చెయ్యి పడుతుంది. అందుకే కొట్టు అరిసె తప్పడం తక్కువ. అన్నీ ఒకే వెడల్పు, ఒకే రంగు, నువ్వులు కూడా లెక్కపెట్టి అద్దినట్టే ఉంటాయి. దాని లోటు వేరేచోట ఉంది. అమ్మకానికి పెట్టినది డబ్బాలో విరగకూడదు, ఒకదానికొకటి అంటుకోకూడదు, వారాల తరబడి నిలవుండాలి. ఆ మూడూ కావాలంటే పాకాన్ని కాస్త ముదురు వైపు ఉంచడమే కొట్టుకు క్షేమం. ఇంటి అరిసెలో మధ్య మెత్తగా, అంచు కరకరగా ఉండే తేడా కొట్టుదానిలో దొరకడం అరుదు. పట్టు కుదిరిన ఇంటి అరిసె దరిదాపులకు కొట్టుది రాదు. పట్టు తప్పిన ఇంటి అరిసె కొట్టుదాని ముందు నిలవదు. అరిసె విషయంలో ఇంటి గెలుపు చేతి నేర్పును బట్టి ఉంటుంది.

సున్నుండకు వచ్చేసరికి ఈ తడబాటు లేదు. మినుములు కమ్మగా వేయించి, విసిరి, బెల్లం కలిపి, వేడి నెయ్యి పోసి ఉండలు కట్టడం ఒక్క మనిషి ఒక్క పూటలో చేయగల పని. పాకం లేదు, నూనె మూకుడు లేదు. సున్నుండ రుచి మూడొంతులు నెయ్యిలోనే ఉంటుంది. ఖర్చు తగ్గించాలనుకున్న కొట్టు ముందుగా చెయ్యి బిగించేది అక్కడే. వెన్న కాచిన ఇంటి నేతితో కట్టిన సున్నుండల డబ్బాను తెల్లారి తెరిస్తే గది అంతా వాసన వస్తుంది. చాలా కొట్టు సున్నుండలు పిండిపిండిగా అంగిలికి అంటుకుంటాయి. ఇక్కడ ఇంటిదే పైచేయి, ఇందులో పెద్దవాళ్ళతో వాదన అనవసరం.

తెలంగాణలో ఇదే పోలిక సకినాల మీద జరుగుతుంది. బియ్యప్పిండిలో నువ్వులు, వాము వేసి కలిపి, పరిచిన గుడ్డ మీద వేళ్ళతో మెలితిప్పుతూ చుట్లు చుట్టి, తడి ఆరాక నూనెలో వేస్తారు. అమ్మాయి పుట్టింటివారు అత్తవారికి సకినాలు పంపడం, వాళ్ళు వాటిని బంధువులకూ ఇరుగుపొరుగుకూ పంచడం అక్కడి ఆనవాయితీ. వాడంతా కలిసి కూర్చుని చుడితేనే ఆ మోతాదు తయారయ్యేది. ఇప్పుడు కరీంనగర్‌లోనూ హైదరాబాద్‌లోనూ సకినాలు ఏడాది పొడవునా కొట్టులో దొరుకుతున్నాయి. కరకర విషయంలో మంచి కొట్టు సకినానికి వంక పెట్టలేం. పోయిందల్లా పదిమంది కూర్చునే గుడ్డ. అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తులో ఉంటూ ఆ పదిమందిని ఎక్కడినుంచి పిలుస్తారు? రుచిలో ఇక్కడ సమఉజ్జీలే.

ఇక తరాజు కొట్టువైపు మొగ్గే వంటకాలున్నాయి. పూతరేకు చూడండి. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క లాగు లాగుతారు. లాగిన క్షణాల్లోనే పొర ఎండి అంచు లేస్తుంది, చేత్తో తీసి పక్కన పెడతారు. గుడ్డ ఒక్కచోట ఆగితే రేకు మందమవుతుంది, మంట పెరిగితే మాడుతుంది. ఏళ్ళ తరబడి చేస్తేనే వచ్చే పని. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. తాపేశ్వరం మడత కాజా, బందరు లడ్డు కూడా ఇలా ఊరి పనితనంతో నిలిచినవే. బందరు లడ్డుకు ఆ గుర్తింపు 2017లోనే వచ్చింది. సెనగపిండితో పూస వేసి, వేయించి, దంచి, పాకంలో కలిపి, మళ్ళీ దంచే ఆ లడ్డును "మా ఇంట్లో చేశాం" అని చెప్పుకునే ఇల్లు తక్కువే. వీటిని కొనుక్కెళ్ళడం బద్ధకం కాదు. ఊరి పనితనాన్ని గౌరవించడం.

పూతరేకులో ఒక మధ్యేమార్గం కూడా ఉంది. ఉత్త రేకులు కొని తెచ్చి, ఇంట్లో బెల్లం తురుమో పంచదార పొడో చల్లి, నెయ్యి రాసి చుట్టే కుటుంబాలు గోదావరి జిల్లాల్లో చాలా ఉన్నాయి. నెయ్యి ఎంత, జీడిపప్పు ఎంత అన్నది ఇంటి ఇష్టం, రేకు మాత్రం ఆత్రేయపురానిది. ఇంటిదా, కొన్నదా అని నిలదీస్తే ఈ పూతరేకు ఏ గడిలోనూ ఇమడదు. తింటే మాత్రం రెండిటికంటే బాగుంటుంది.

నమ్మకం సంగతికి వద్దాం. ఇంటిదంటే తాజాది, కొట్టుదంటే ఎప్పటిదో అని మనకొక లెక్క ఉంది. 2020 అక్టోబరు 1 నుంచి విడిగా అమ్మే మిఠాయిలకు కూడా ఏ తేదీలోపు తినాలో కొట్టులో చూపించాలని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన పెట్టింది. మరిగించి మరిగించి వాడే నూనెకు 2018 జులై నుంచి ఒక హద్దు ఉంది. అందులో చెడు పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదు. అన్ని కొట్లూ పాటిస్తున్నాయని ఎవరూ హామీ ఇవ్వలేరు, కానీ అడిగే హక్కు ఉంది. ఇంటి డబ్బా మీద తేదీ ఉండదు. ముహూర్తానికి పది రోజుల ముందు వండిన జంతికలు, అప్పుడు మిగిలిన నూనెతో వారమంతా వేసిన పోపులు మన లెక్కలోకి రావు. ఇంటిదన్న ఒక్క మాటతో తాజాతనం దానంతటదే రాదు.

నమ్మకం విషయంలో దీనికి పూర్తిగా ఎదురు నడిచి, ఇంటి మాటే చెల్లే వంటకం ఒకటి కొత్తగా సారెలోకి వచ్చింది. అదే కేకు. కొత్త సంవత్సరం, సంక్రాంతి పక్కపక్కనే రావడంతో కొత్త కోడలు ఓవెన్‌లో కేకు చేసి అత్తవారింటికి తేవడం ఇప్పుడు వింతేం కాదు. దాని మీద పడే మొదటి ప్రశ్న వేరు: "గుడ్డు వేశావా అమ్మా?" ప్యాకెట్ కేకు మీద ఆకుపచ్చ గుర్తు చూసుకోవచ్చు. విడిగా కొన్న ముక్క గురించి కౌంటర్‌లో కుర్రాడు చెప్పిందే వేదం. ఇంట్లో చేసిన కోడలు మాత్రం "పెరుగు వేశాను అత్తయ్యా, గుడ్డు తగలలేదు" అని నిలబడి చెప్పగలదు. మడి, ఆచారం పట్టింపు ఉన్న ఇంట్లో ఆ ఒక్క జవాబు చాలు. పైన క్రీము గులాబీలు లేకపోయినా అక్కడ ఇంటి కేకే గెలుస్తుంది.

ఖర్చు దగ్గర మాత్రం ఇంటివైపు వాదన కాస్త మోసం చేస్తుంది. బియ్యం, బెల్లం, నూనె, నువ్వులు కూడి "కొట్టులో సగానికే అయింది" అంటారు. ఆ కూడికలో ఇద్దరు ఆడవాళ్ళ రెండు రోజులు ఎక్కడా కనబడవు. నడుం నొప్పి కనబడదు. కొట్టు ధరలో పాకం పట్టిన మనిషి కూలి కలిసే ఉంటుంది. పిండివంటల కొట్ల వెనుక వంటశాలల్లో పిండి కలిపి, సకినాలు చుట్టేవాళ్ళలోనూ ఆడవాళ్ళే ఎక్కువ. తేడా ఒక్కటే, వాళ్ళకు ఆ పనికి జీతం వస్తుంది. అమ్మాయి తల్లికి వచ్చేది "పాకం కాస్త ముదిరినట్టుందే" అన్న మాట.

మర్యాద దగ్గర ఈ పోలిక అసలు రంగు బయటపడుతుంది. పండక్కి అల్లుడు అత్తవారింటికి వస్తూ దారిలో ఒక స్వీట్ల పెట్టె, రెండు కిలోల ఆపిల్స్ కొంటాడు. గుమ్మంలో అత్తగారు "ఎందుకు బాబూ ఇవన్నీ, నువ్వొస్తే చాలదూ" అని మురిసిపోతుంది. ఇంట్లో చేసినవేనా అని అతణ్ణి ఏ ఇంట్లోనూ అడగరు. అదే కొట్టు పెట్టె, అదే బరువు, అమ్మాయివైపు నుంచి వెళ్ళిందనుకోండి, "పాపం వాళ్ళమ్మకు ఓపిక లేదేమో" అన్న జాలి పుట్టుకొస్తుంది. పెట్టె మారలేదు, అందులో మిఠాయి మారలేదు. అది వెళ్ళిన దిక్కు మారింది. ఇంటిదా కొన్నదా అన్న ప్రశ్న రుచి కోసమే అయితే అల్లుణ్ణీ అడగాలి కదా. ఒక్క పక్షాన్నే అడుగుతున్నామంటే మనం రుచి చూడటం లేదు, ఆ ఇంటి ఆడవాళ్ళు మనకోసం ఎంత అలసిపోయారో తూకం వేస్తున్నాం.

ఆ తూకం ఇంకో కొసకు వెళితే ఏమవుతుందో 2021 ఆషాఢంలో చూశాం. రాజమండ్రి నుంచి యానాంలోని వియ్యాలవారికి వెళ్ళిన ఒక సారెలో వెయ్యి కిలోల చేపలతోపాటు 250 కిలోల మిఠాయిలు ఉన్నాయని పత్రికలు రాశాయి. అంత మోతాదులో ఇల్లు, కొట్టు అన్న మాటకే అర్థం లేదు. అక్కడ ప్రేమను చూపించేది లారీ. మామూలు కుటుంబం ఆ వార్త చూసి తన డబ్బాను చిన్నదిగా చూసుకోనక్కర్లేదు.

దూరం కూడా ఒక తీర్పు ఇచ్చేస్తోంది. కూతురు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటే ఇంటి అరిసె విమానం ఎక్కేది పండక్కి మనుషులెవరైనా వెళ్తున్నప్పుడే. మిగతా సమయాల్లో గాలి తీసి ప్యాక్ చేసి కొరియర్ చేసే కొట్టే పుట్టిల్లు. ఆ పార్సిల్ అందుకున్న అత్తగారు దాన్ని తక్కువగా చూస్తే తప్పు పార్సిల్‌ది కాదు.

కాబట్టి తీర్పు వంటకాన్ని బట్టి చెప్పుకుందాం. సున్నుండలు ఇంట్లోనే కట్టండి, ఎంత పనిలో ఉన్నా ఒక పూట కుదురుతుంది. అరిసెలు చేయాలంటే ముందు ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టుకోండి. తెడ్డు తిప్పడానికి నాన్నో, అన్నయ్యో కూర్చుంటానంటే పొయ్యి వెలిగించండి, లేదంటే కొనండి. పూతరేకులు ఆత్రేయపురానివి, కాజాలు తాపేశ్వరానివి, లడ్డు బందరుది తెప్పించండి. వాటిని ఇంట్లో చేయలేకపోయామన్న బెంగ వద్దు. గుడ్డు పట్టింపున్న ఇంటికి కేకు మాత్రం మీ చేత్తో చేసి తీసుకెళ్ళండి. తొమ్మిది రకాలు అరకొరగా కాకుండా రెండు రకాలు బాగా ఉంటే చాలు.

అత్తవారి పక్షానికి ఒక మాట. డబ్బా తెరవగానే ఒకటి నోట్లో వేసుకుని "బాగున్నాయి వదినగారూ" అనండి. ఎక్కడివో తరవాత తెలుసుకోవచ్చు. ఆ ప్రశ్న అడిగి తీరాలనుకుంటే మీ అబ్బాయి తన అత్తవారింటికి పట్టుకెళ్ళే పెట్టె గురించి కూడా అడగండి. అంతవరకూ కొన్న డబ్బాతో గుమ్మం ఎక్కే ఏ తల్లీ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.