స్కేలు అక్కర్లేని గీత

కాగితం మడతల కథ ఎవరు చెప్పినా జపాను కొంగ దగ్గరే మొదలెడతారు. న్యాయమే. కాగితం చైనాలో పుట్టినా, దాన్ని మడవడం ఒక కళగా నిలబెట్టింది జపానువాళ్లే. 1797లో అక్కడ అచ్చయిన ‘హిడెన్ సెంబజురు ఒరికాత’ నిండా కొంగలే: ఒకే కాగితాన్ని అక్కడక్కడా కత్తిరించి, ఒకదాన్నొకటి అంటిపెట్టుకునేలా మడిచిన కొంగల గుంపులు. సరదా మడతల మీద ఇప్పటిదాకా తెలిసిన పుస్తకాల్లో పాతది అదే.

భిలాయిలో ఉండే నాకు మాత్రం కొంగల కన్నా మద్రాసులో అచ్చయిన ఓ చిన్న పుస్తకం దగ్గరి చుట్టం. 1893లో టి. సుందరరావు ఇంగ్లీషులో రాసిన ‘జామెట్రిక్ ఎక్సర్‌సైజెస్ ఇన్ పేపర్ ఫోల్డింగ్’ అది. దానికి మూలం పిల్లల ఆటసామాను. జర్మనీ పంతులు ఫ్రోబెల్ మొదలెట్టిన కిండర్‌గార్టెన్‌లలో కాగితం మడవడం కూడా ఒక పాఠమే. ఆ పాఠం కోసం 200 రంగురంగుల చదరపు కాగితాలున్న పెట్టె ఒకటి అమ్మేవారు. దాన్ని చూసే తనకీ ఆలోచన వచ్చిందని సుందరరావే ముందుమాటలో చెప్పుకున్నారు. పిల్లలు పడవలు చేసుకునే కాగితంలో ఆయనకు యూక్లిడ్ కనిపించాడు! జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ ఆ పుస్తకాన్ని ప్రస్తావించాక అమెరికావాళ్ల కళ్లు దాని మీద పడ్డాయి, 1901లో షికాగోలో మళ్లీ అచ్చయింది. మన బళ్లలో ఆయన పేరు ఎంతమంది లెక్కల మాస్టర్లు చెబుతున్నారో అడక్కండి.

వేసవి సెలవుల్లో మా వీధి పిల్లలకు నేను ముందుగా చూపించేది త్రిభుజం. చదరపు కాగితాన్ని నిలువునా సగానికి మడిచి విప్పితే మధ్యలో ఒక గీత పడుతుంది. ఇప్పుడు కింది ఎడమ మూలను వేలితో అదిమిపట్టి, కింది కుడి మూలను ఎత్తి సరిగ్గా ఆ గీత మీద ఆనించాలి. ఆనిన చోట చుక్క పెట్టి, అక్కణ్ణుంచి కింది మూలలు రెండింటికీ మడతలు వేస్తే మూడు భుజాలూ సమానం. స్కేలూ లేదు, వృత్తలేఖినీ లేదు. “కొలవకుండానే ఎలా వచ్చింది అంకుల్?” అని ఒకడైనా అడుగుతాడు. ఎత్తిన అంచు పొడవు మారదు కదా, అదే కొలత.

1959లో మా భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగాక పనికోసం వచ్చి స్థిరపడినవాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం వైపువాళ్లు చాలామంది. అలాంటి కుటుంబమే మా పక్కింటి బాబాయిది. రేకుపని చేసి రిటైరయ్యారు. గాలిగొట్టానికి వంపు తిప్పాలంటే ముందు అట్టమీద నమూనా కత్తిరించి, మడిచి, ఆనించి చూసుకున్నాకే రేకు ముట్టేవారట. నా త్రిభుజం చూసి నవ్వారు. “కాయితంలో కుదిరిందని రేకులో కుదిరిపోదు అబ్బాయ్. రేకుకి మందం ఉంటాది. వంపు కాడ బయటేపు సాగుతాది, లోపలేపు నొక్కుకుపోతాది. ఆ లెక్క ముందే వేసుకోవాల.” సుందరరావు పుస్తకంలో లేని అధ్యాయం ఇది.

ఆధునిక ఓరిగామికి గురువనిపించుకున్న అకిరా యోషిజావా (1911–2005) కూడా ఫ్యాక్టరీ మనిషే. పదమూడో ఏట టోక్యోలో కూలికి చేరి, డ్రాఫ్ట్స్‌మన్ అయ్యి, కింది ఉద్యోగులకు జామెట్రీ చెప్పాల్సి వచ్చినప్పుడు కాగితాలు మడిచి చూపించాడు. 1937లో ఉద్యోగం మానేసి మడతలకే అంకితమైపోయి ఏళ్ల తరబడి పేదరికం అనుభవించాడు. అంత మొండితనం నాకైతే లేదు.

సుందరరావు గారితో ఒక్క పేచీ ఉంది. ఘనమూలాన్ని మడతలతో సాధించడం కుదరదన్న ధోరణిలో రాశారాయన. 1936లో ఇటలీ గణితవేత్త మార్గరీటా బెలోక్ అది కుదురుతుందని తేల్చింది. కాగితం మీద రెండు చుక్కలు, రెండు గీతలు. ఒకే మడతతో మొదటి చుక్క మొదటి గీత మీదా, రెండోది రెండో గీత మీదా పడాలి. వినడానికి తేలికే. నోటుబుక్కు కాగితంతో చేస్తే ఒక చుక్క కుదిరేసరికి రెండోది జారిపోతుంది. బాబాయి కాసేపు చూసి, ట్రేసింగ్ పేపరు తెచ్చుకోమన్నారు. చుక్కలు వెనకవైపు నుంచి కూడా కనిపిస్తాయట.